పోర్టల్ ఫ్రేమ్‌ను చేత్తో లెక్కకట్టడం ఎలా: మూమెంట్ డిస్ట్రిబ్యూషన్ మొదటి నుంచి చివరిదాకా

సాఫ్ట్‌వేర్‌లో పోర్టల్ ఫ్రేమ్ (రెండు కాలమ్‌లు, వాటిని పైన కలిపే ఒక బీమ్) గీసి రన్ కొడితే బెండింగ్ మూమెంట్ (మెంబర్‌ను వంచే ప్రభావం) బొమ్మ సెకన్లలో వచ్చేస్తుంది. అది సరైనదో కాదో చూడగానే చెప్పగలగడం వేరే విద్య. సపోర్ట్ దగ్గర ఫిక్స్‌డ్ (అసలు తిరగని బిగింపు) బదులు హింజ్ (స్వేచ్ఛగా తిరిగే కీలు) పడినా, బీమ్ సైజులో ఒక సున్నా తగ్గినా సాఫ్ట్‌వేర్ అభ్యంతరం చెప్పదు, రంగు రంగుల బొమ్మ ఇచ్చేస్తుంది. అందుకే సివిల్ చదువుతున్నవాళ్లూ, కొత్తగా డిజైన్ ఆఫీసులో చేరినవాళ్లూ కనీసం ఒక్క ఫ్రేమ్‌ను కాగితం మీద మొదటి నుంచి చివరిదాకా లెక్కకట్టి తీరాలని గట్టిగా నమ్ముతాను. మూమెంట్ ఎక్కడ పుడుతుందో, ఏ కాలమ్‌లోకి ఎంత పోతుందో, ఎందుకు పోతుందో అప్పుడే ఒంటపడుతుంది.

చేతి లెక్కలకు పద్ధతులు చాలానే ఉన్నాయి. కంటిన్యుయస్ బీమ్‌లకు క్లాపెరాన్ మూడు మూమెంట్ల సూత్రం 1857 నాటిది. స్లోప్ డిఫ్లెక్షన్‌ను 1915లో మేనీ ఇప్పుడు మనం చదువుకునే రూపంలోకి తెచ్చాడు. అందులో ప్రతి జాయింట్ తిరుగుడూ ఒక తెలియని రాశి, కాబట్టి మూడంతస్తుల, మూడు స్పాన్‌ల ఫ్రేమ్ అయితే డజనుకు పైగా సమీకరణాలు ఒకేసారి సాధించాలి. ఈ బాధ తప్పించినవాడు ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన హార్డీ క్రాస్. 1930 మే నెలలో అమెరికన్ సివిల్ ఇంజనీర్ల సంఘం పత్రికలో పది పేజీల వ్యాసంతో మూమెంట్ డిస్ట్రిబ్యూషన్‌ను బయటపెట్టాడు. సమీకరణాలు లేవు, కూడికలు, తీసివేతలు, కాసిన్ని భాగహారాలు చాలు. ఇక్కడ నేర్చుకునేది ఆ పద్ధతే.

మన ఫ్రేమ్

కాగితం మీద గీసుకోండి. కింద ఎడమ ఎ, పైన ఎడమ బి, పైన కుడి సి, కింద కుడి డి. రెండు కాలమ్‌ల ఎత్తు 3 మీటర్లు, బీమ్ స్పాన్ 6 మీటర్లు. ఎ, డి రెండూ ఫిక్స్‌డ్. కాలమ్ మూమెంట్ ఆఫ్ ఇనర్షియా (వంగడాన్ని ఎదిరించే సైజు కొలత) ఐ, బీమ్‌ది 2ఐ. ఇది గాల్లోంచి తెచ్చిన నిష్పత్తి కాదు. 230×400 కాలమ్, 230×500 బీమ్ తీసుకుంటే (500/400)³ = 1.95, అంటే దాదాపు రెండు. అయితే ఆ 400 వైపు ఫ్రేమ్ తలంలో ఉంటేనే. కాలమ్‌ను అడ్డంగా తిప్పి నిలబెడితే లెక్క పూర్తిగా మారిపోతుంది కాబట్టి ప్లాన్ చూసి నిర్ధారించుకోండి.

బీమ్ మీద కిందికి మీటరుకు 20 కిలోన్యూటన్ల లోడు, దీన్నే కింది లోడు అందాం. బి దగ్గర ఎడమ నుంచి కుడికి 28 కిలోన్యూటన్ల పక్క లోడు, గాలిదో భూకంపానిదో అనుకోండి. మూమెంట్లన్నీ కిలోన్యూటన్ మీటర్లలో.

రియాక్షన్లు ఆరు, సమతుల్య సమీకరణాలు మూడు. అంటే మూడు అదనం. స్టాటిక్స్ ఒక్కటే సరిపోదు, స్టిఫ్‌నెస్ (మెంబర్ గట్టిదనం) లోపలికి రావాల్సిందే.

గుర్తుల విషయం ఇప్పుడే తేల్చుకుందాం. మెంబర్ చివర మీద పనిచేసే మూమెంట్ సవ్యదిశలో, అంటే గడియారం ముల్లు తిరిగే వైపు ఉంటే ప్లస్, అపసవ్యదిశలో ఉంటే మైనస్. సాగింగ్ (కిందికి వంగడం), హాగింగ్ (పైకి వంగడం) అనే మాటలు లెక్క పూర్తయ్యేదాకా పక్కన పెట్టండి. ఈ పద్ధతిలో జరిగే తప్పుల్లో చాలావరకు ఈ రెండు గుర్తుల పద్ధతులను మధ్యలో కలిపేయడం వల్లే వస్తాయి.

మొదటి అడుగు: ఎవరి వాటా ఎంత

ఒక జాయింట్ తిరిగితే దానికి అతుక్కున్న మెంబర్లన్నీ అంతే కోణం తిరుగుతాయి. ఎక్కువ గట్టిగా ఉన్న మెంబర్ ఎక్కువ మూమెంట్ లాక్కుంటుంది. అవతలి చివర ఫిక్స్‌డ్ అయితే మెంబర్ స్టిఫ్‌నెస్ 4ఈఐ/ఎల్ (‘ఈ’ మెటీరియల్ ఎలాస్టిక్ మాడ్యులస్, ‘ఎల్’ మెంబర్ పొడవు). నాలుగూ, ‘ఈ’ విలువా అన్నిటికీ ఒకటే కాబట్టి ఐ/ఎల్ సరిపోతుంది.

కాలమ్‌కు ఐ/3. బీమ్‌కు 2ఐ/6, అంటే అదీ ఐ/3. రెండూ సమానం కాబట్టి బి దగ్గర డిస్ట్రిబ్యూషన్ ఫ్యాక్టర్ కాలమ్‌కు 0.5, బీమ్‌కు 0.5. సి దగ్గర కూడా అంతే. ఒక జాయింట్‌లో ఫ్యాక్టర్లన్నీ కూడితే 1 రావాలి. రాకపోతే అక్కడే ఆగి చూసుకోండి.

ఎ, డి ఫిక్స్‌డ్ కాబట్టి వాటిని ఎప్పుడూ వదలం. అక్కడికి వచ్చిన మూమెంట్ అక్కడే ఉండిపోతుంది, పంచాల్సిన పని లేదు.

రెండో అడుగు: జాయింట్లు బిగించి పెట్టండి

బి, సి రెండూ కాస్త కూడా తిరగకుండా ఎవరో గట్టిగా పట్టుకున్నారని ఊహించుకోండి. అప్పుడు బీమ్ ఒక ఫిక్స్‌డ్ బీమ్. చివరల దగ్గర మూమెంట్ డబ్ల్యూఎల్²/12 (డబ్ల్యూ అంటే లోడు) = 20×36/12 = 60. బిసి చివర (అంటే బీమ్‌కు బి వైపు చివర) −60, సిబి చివర (సి వైపు) +60. కాలమ్‌ల మధ్యలో లోడు లేదు కాబట్టి వాటికి సున్నా.

మీ బీమ్ మీద మరో బీమ్ వచ్చి కూర్చుంటే అది పాయింట్ లోడు. సరిగ్గా మధ్యలో ఉంటే డబ్ల్యూఎల్/8. మధ్యలో లేకపోతే దగ్గరి చివర నుంచి దూరం ఎ, మిగిలిన దూరం బి (ఇక్కడ ఇవి జాయింట్ల పేర్లు కావు) అనుకుని దగ్గరి చివరకు డబ్ల్యూఎబి²/ఎల్², దూరపు చివరకు డబ్ల్యూఎ²బి/ఎల్². ఈ మూడు సూత్రాలతో మామూలు ఇళ్ల పని దాదాపు గడిచిపోతుంది.

మూడో అడుగు: వదలండి, పంచండి, సగం అవతలికి పంపండి

ఇప్పుడు బి ని వదలండి. అక్కడ −60 ఉంది, దాన్ని ఎదిరించేది ఏదీ లేదు. జాయింట్ నిలకడగా ఉండాలంటే +60 కావాలి. ఫ్యాక్టర్ల ప్రకారం కాలమ్‌కు +30, బీమ్‌కు +30. సి దగ్గర గుర్తులు తలకిందులు: −30, −30. పంచిన ప్రతి మూమెంట్‌లో సగం అదే గుర్తుతో మెంబర్ అవతలి చివరకు చేరుతుంది. దాన్నే క్యారీ ఓవర్ అంటాం. అలా చేరినవాటితో బి, సి మళ్లీ కొంచెం తప్పుతాయి. మళ్లీ పంచండి, మళ్లీ పంపండి.

| | ఎబి | బిఎ | బిసి | సిబి | సిడి | డిసి |
|---|---|---|---|---|---|---|
| ఫ్యాక్టర్ | – | 0.5 | 0.5 | 0.5 | 0.5 | – |
| ఫిక్స్‌డ్ ఎండ్ | 0 | 0 | −60 | +60 | 0 | 0 |
| పంపకం | | +30 | +30 | −30 | −30 | |
| క్యారీ ఓవర్ | +15 | | −15 | +15 | | −15 |
| పంపకం | | +7.5 | +7.5 | −7.5 | −7.5 | |
| క్యారీ ఓవర్ | +3.75 | | −3.75 | +3.75 | | −3.75 |
| పంపకం | | +1.88 | +1.88 | −1.88 | −1.88 | |
| క్యారీ ఓవర్ | +0.94 | | −0.94 | +0.94 | | −0.94 |
| పంపకం | | +0.47 | +0.47 | −0.47 | −0.47 | |
| మొత్తం | +19.69 | +39.85 | −39.84 | +39.84 | −39.85 | −19.69 |

ఎక్కడ ఆపాలి? ఎప్పుడూ పంపకం తర్వాతే ఆపండి, క్యారీ ఓవర్ తర్వాత కాదు. పంపకం అయిన క్షణంలోనే జాయింట్ సమతుల్యంలో ఉంటుంది. మొదటి మూమెంట్‌లో ఒక శాతం కన్నా తక్కువకు దిగితే ఇక లాగనక్కర్లేదు. కచ్చితమైన జవాబు కాలమ్ పైన 40, కింద 20. నాలుగు పంపకాల్లోనే దాదాపు అక్కడికి వచ్చేశాం. టేబుల్‌లో 39.85, 39.84 మధ్య కనిపించే తేడా దశాంశాలు రౌండ్ చేయడం వల్ల వచ్చింది, దానికి టెన్షన్ అక్కర్లేదు.

బీమ్ మధ్యలో? సింపుల్ బీమ్ అయితే 20×36/8 = 90. అందులోంచి చివరల 40 తీసేస్తే 50.

ఈ 40, 50 సంఖ్యలను ఒక్క నిమిషం చూడండి. చివరలు పూర్తిగా ఫిక్స్‌డ్ అయితే చివర 60, మధ్యలో 30. చివరలు పూర్తిగా వదులైతే చివర 0, మధ్యలో 90. మన జవాబు ఈ రెండింటి మధ్య ఉంది. ఇలా సమానమైన లోడు పడ్డ ఒకే స్పాన్ పోర్టల్‌లో ఈ హద్దులు దాటి జవాబు వస్తే ఎక్కడో తప్పు దొర్లిందని అర్థం. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన బొమ్మకు కూడా మొదట ఈ పరీక్షే పెట్టండి.

సిమెట్రీ ఉంటే టేబుల్ అక్కర్లేదు

ఫ్రేమూ లోడూ రెండూ సిమెట్రీలో ఉంటే ఇంత టేబుల్ వేయాల్సిన పనే లేదు. బి ఎంత తిరిగితే సి అంతే వ్యతిరేకంగా తిరుగుతుంది. అలాంటప్పుడు బీమ్ స్టిఫ్‌నెస్ సగానికి తగ్గించండి, బీమ్‌లో క్యారీ ఓవర్ మానేయండి. కాలమ్ 1/3, బీమ్ 1/6. ఫ్యాక్టర్లు 2/3, 1/3. కాలమ్‌కు 60×2/3 = 40. కింద అందులో సగం 20. ఒక్క వరుసలో అయిపోయింది. పరీక్షలో గానీ సైట్ ఆఫీసులో గానీ ఇది మీకు చాలా సమయం మిగులుస్తుంది. అయినా మొదటిసారి పూర్తి టేబుల్ వేసి ఈ రెండు జవాబులూ ఒకటేనని మీ కళ్లతో చూసుకోండి.

నాలుగో అడుగు: ఫ్రేమ్ పక్కకు ఊగినప్పుడు

చాలామంది వదిలేసేది ఈ భాగాన్నే. నిజానికి ఫ్రేమ్ అసలు స్వభావం తెలిసేది ఇక్కడే.

ఇప్పటిదాకా బీమ్ పక్కకు జరగలేదు. లోడు సిమెట్రీలో ఉంది కాబట్టి జరగదు కూడా. 28 కిలోన్యూటన్ల పక్క లోడు వచ్చిందంటే బి, సి రెండూ కుడికి జరుగుతాయి. ఎంత జరుగుతాయో మనకు తెలియదు. తెలియనవసరం లేకుండా చేయడమే ఇక్కడి కిటుకు: ముందు ఏదో ఒక జరుగుడు ఊహించి లెక్క కట్టి, తర్వాత అసలు బలానికి తగ్గట్టు స్కేల్ చేస్తాం.

జాయింట్లు తిరగకుండా పట్టుకుని బీమ్‌ను కుడికి జరిపితే ప్రతి కాలమ్ రెండు చివరల్లోనూ 6ఈఐΔ/ఎల్² మూమెంట్ పుడుతుంది (Δ అంటే జరిగిన దూరం). కుడికి జరిగితే అపసవ్యదిశలో, అంటే మైనస్. మన కాలమ్‌లు రెండూ ఒకటే కాబట్టి నాలుగు చివరలకూ −100 అనుకుందాం. కాలమ్‌ల ఎత్తులో, సైజులో తేడా ఉంటే అన్నిటికీ 100 పెట్టకూడదు. ఐ/ఎల్² నిష్పత్తిలో పెట్టాలి. ఇది మరిచిపోతే మిగతా లెక్కంతా ఎంత శుభ్రంగా చేసినా వృథా.

ఇక మళ్లీ అదే ఆట. బి దగ్గర −100, దానికి +50 కాలమ్‌కు, +50 బీమ్‌కు. క్యారీ ఓవర్ 25 చొప్పున. సి నుంచి కూడా +25 వచ్చి బి ని తప్పిస్తుంది కాబట్టి తర్వాతి పంపకం −12.5. ఆ తర్వాత +3.125, −0.78, ఇలా గుర్తులు మారుతూ తగ్గిపోతాయి. చివరికి కాలమ్ పైన −60, కింద −80, బీమ్ చివరల్లో +60.

ఇక్కడా ఒక్క వరుస దారి ఉంది. పక్క లోడుకు బి, సి ఒకే వైపు సమానంగా తిరుగుతాయి కాబట్టి బీమ్ స్టిఫ్‌నెస్‌ను ఒకటిన్నర రెట్లు చేయండి: 1/3 × 1.5 = 1/2. ఫ్యాక్టర్లు కాలమ్‌కు 0.4, బీమ్‌కు 0.6. −100 + 40 = −60. కింద −100 + 20 = −80. సరిపోయింది.

ఇప్పుడు ఈ మూమెంట్లకు ఎంత పక్క బలం కావాలి? ఒక కాలమ్‌లో షియర్ (అడ్డంగా కోసే బలం) అంటే పైన కింద మూమెంట్ల మొత్తాన్ని ఎత్తుతో భాగించడం: (60+80)/3 = 46.67. రెండు కాలమ్‌లకు 93.33. మనకు ఉన్నది 28. నిష్పత్తి 28/93.33 = 0.3. అంటే అసలు మూమెంట్లు కాలమ్ పైన 18, కింద 24.

జాగ్రత్త: బీమ్ లోడు ఒక వైపే పడితే, లేదా కాలమ్‌లు అసమానంగా ఉంటే, పక్క లోడు లేకపోయినా ఫ్రేమ్ జరుగుతుంది. అప్పుడు మొదటి టేబుల్‌లోని కాలమ్ షియర్‌లు ఒకదాన్నొకటి రద్దు చేసుకోవు. మిగిలిన తేడాను కూడా ఇదే పద్ధతిలో స్కేల్ చేసి కలపాలి. మన ఉదాహరణలో ఎడమ 20, కుడి 20 ఎదురెదురుగా ఉన్నాయి కాబట్టి తేడా సున్నా.

ఐదో అడుగు: కలపండి, తనిఖీ చేయండి

| | ఎబి | బిఎ | బిసి | సిబి | సిడి | డిసి |
|---|---|---|---|---|---|---|
| కింది లోడు | +20 | +40 | −40 | +40 | −40 | −20 |
| పక్క లోడు | −24 | −18 | +18 | +18 | −18 | −24 |
| మొత్తం | −4 | +22 | −22 | +58 | −58 | −44 |

మొదట జాయింట్ తనిఖీ: బి దగ్గర +22 −22 = 0, సి దగ్గర +58 −58 = 0. తర్వాత కాలమ్ షియర్‌లు: ఎడమ (−4+22)/3 = 6, కుడి (−58−44)/3 = −34. కూడితే −28. బయటి నుంచి వచ్చిన 28కి సరిగ్గా ఎదురు. ఈ రెండూ కుదిరితే కూడికలూ స్కేలూ సరైనవే. స్టిఫ్‌నెస్‌లు తప్పుగా తీసుకుంటే మాత్రం ఈ తనిఖీలు పట్టుకోలేవు, వాటిని వేరుగా చూసుకోవాలి.

బీమ్ షియర్ బి దగ్గర 60 − (58−22)/6 = 54, సి దగ్గర 66. షియర్ సున్నా అయ్యేది బి నుంచి 54/20 = 2.7 మీటర్ల దగ్గర. అక్కడ సాగింగ్ మూమెంట్ 54×2.7/2 − 22 = 50.9. సరిగ్గా మధ్యలో 50. తేడా చిన్నదే, కానీ గరిష్ఠం మధ్యలోనే ఉంటుందని ముందే అనుకోకూడదు.

ఇప్పుడు బొమ్మ గీయండి. మూమెంట్‌ను టెన్షన్ (లాగుడు) వచ్చే వైపే గీయడం అలవాటు చేసుకుంటే స్టీల్ ఎక్కడ పెట్టాలో బొమ్మే చెప్తుంది. బీమ్ చివరల్లో పైన, మధ్యలో కింద. కుడి కాలమ్ పైభాగంలో బయటి ముఖం మీద, అడుగున లోపలి ముఖం మీద. ఎడమ కాలమ్ అడుగు చూడండి: కింది లోడు ఒక్కటే ఉన్నప్పుడు +20, పక్క లోడు కలిశాక −4. మూమెంట్ దిశ మారిపోయింది. గాలి కుడి నుంచి వీస్తే ఎడమ, కుడి తారుమారవుతాయి. అందుకే కాలమ్‌లకు రెండు ముఖాల మీదా సమానంగా స్టీల్ ఇస్తాం.

పై కలయికలో లోడ్ ఫ్యాక్టర్లు (భద్రత కోసం లోడును గుణించే సంఖ్యలు) లేవు. కాంక్రీట్ డిజైన్‌కు మన ప్రమాణమైన ఐఎస్ 456:2000 ప్రకారం చేస్తే కింది లోడు ఒక్కటే ఉన్నప్పుడు 1.5, డెడ్ లోడు (కట్టడం సొంత బరువు), లైవ్ లోడు (వాడకం వల్ల పడే లోడు) రెండిటినీ గాలి లేదా భూకంపంతో కలిపినప్పుడు అన్నిటికీ 1.2. పక్క లోడుకు 1.5 పెట్టి డెడ్ లోడుకు 0.9 మాత్రమే తీసుకునే కలయిక కూడా చూడాలి. రెండు టేబుళ్లూ విడివిడిగా ఉంచుకుంటే ఇవన్నీ గుణించి కూడటంతో అయిపోతాయి, మళ్లీ పంపకాలు చేయనక్కర్లేదు.

బాల్కనీ, హింజ్, పై అంతస్తులు

బి నుంచి బయటికి 1.2 మీటర్ల బాల్కనీ బీమ్ పొడుచుకొచ్చి, దాని మీద మీటరుకు 15 కిలోన్యూటన్లు ఉన్నాయనుకోండి. దాని మూమెంట్ 15×1.2²/2 = 10.8. దాని అవతలి చివర గాల్లో ఉంది, కాబట్టి స్టిఫ్‌నెస్ సున్నా, ఫ్యాక్టర్ సున్నా. కానీ మూమెంట్ మాత్రం జాయింట్‌లోకి వస్తుంది. ఎడమ వైపు బాల్కనీ కాబట్టి +10.8. బి దగ్గర పంచాల్సిన తేడా −60 కాదు, −49.2. ఫ్యాక్టర్ సున్నా కదా అని మూమెంట్‌ను కూడా సున్నా చేయడం తరచూ జరిగే పొరపాటు.

అవతలి చివర హింజ్ అయితే స్టిఫ్‌నెస్‌ను ముప్పావు చేయండి. అటు క్యారీ ఓవర్ ఉండదు.

అంతస్తులు పెరిగితే మొత్తం ఫ్రేమ్‌ను ఒకేసారి పట్టుకోవద్దు. కింది లోడుకు ఒక్క అంతస్తు బీమ్‌లను, వాటి పైన కింద ఉన్న కాలమ్‌లతో సహా విడదీసి, ఆ కాలమ్‌ల దూరపు చివరలు ఫిక్స్‌డ్ అనుకోవచ్చు. దీన్నే సబ్‌స్టిట్యూట్ ఫ్రేమ్ అంటారు, ఐఎస్ 456 కూడా ఒప్పుకుంటుంది. పక్క లోడుకు తొందరగా అంచనా కావాలంటే పోర్టల్ పద్ధతి ఉంది: ప్రతి కాలమ్ మధ్యలో మూమెంట్ సున్నా అనుకోవడమే. 28లో సగం, అంటే 14 ఒక్కో కాలమ్‌కు పోతుంది కాబట్టి మన ఫ్రేమ్‌కు అది 14×1.5 = 21 ఇస్తుంది, పైనా కిందా. అసలువి 18, 24. అసలు సున్నా బిందువు అడుగు నుంచి 1.71 మీటర్ల దగ్గర ఉంది. బీమ్ ఇంకా గట్టిగా ఉంటే అది మధ్యకు దగ్గరవుతుంది. సైజులు నిర్ణయించుకోవడానికి 21 చాలు, చివరి డిజైన్‌కు చాలదు.

అంతస్తులు ఎక్కువై, ఊగడం కూడా ఉంటే నా ఓటు కానీ (Kani) అనే ఇంజనీరు పేరుతో ఉన్న పద్ధతికి. మన కాలేజీల్లో స్ట్రక్చరల్ అనాలిసిస్‌లో దాన్ని ఎలాగూ చెప్తారు. అది స్వేను (పక్కకు ఊగడాన్ని) విడిగా కాకుండా అదే చుట్టులో కలిపి లెక్కిస్తుంది. మధ్యలో ఒక అంకె తప్పు పడినా తర్వాతి చుట్లలో తనే సరిదిద్దుకుంటుంది. కానీ మూమెంట్ డిస్ట్రిబ్యూషన్ చేతికి రాకుండా అటు పోతే అంకెలు తిప్పడమే మిగులుతుంది, ఫ్రేమ్ కనిపించదు.

ఇక మీ వంతు. ఇదే ఫ్రేమ్‌లో ఎ, డి లను హింజ్‌లుగా మార్చి మళ్లీ చేయండి. చిన్న ఫుటింగ్ మెత్తటి నేల మీద ఉంటే అది డ్రాయింగ్‌లో గీసినంత ఫిక్స్‌డ్‌గా ఉండదు, నిజం ఈ రెండు లెక్కల మధ్య ఎక్కడో ఉంటుంది. కాబట్టి ఇది ఉత్త అభ్యాసం కూడా కాదు. కింది లోడుకు కాలమ్ పైన 36, బీమ్ మధ్యలో 54 రావాలి. పక్క లోడుకు కాలమ్ పైన 42. కలిపితే కుడి కాలమ్ పైన 78, ఎడమ కాలమ్ పైన 6, అదీ వ్యతిరేక దిశలో.